మార్బిడ్ అంటే ఏంటే, అని అమ్మ అడిగింది

పోయిన సంక్రాంతికి అమ్మ ఫొటో తీయించుకుంది. మా ఊళ్లో స్టూడియో మూసేసి చాలా కాలమైంది. అందుకని ఆటో మాట్లాడుకుని తెనాలి వెళ్లి, గంధం రంగు వెంకటగిరి చీరలో ఫొటో దిగి, ఫ్రేము కూడా కట్టించుకుని మరీ వచ్చింది. రాగానే దాన్ని హాల్లో సోఫాకి ఆనించి, అమెరికా నుంచి సెలవులకి వచ్చిన మా అన్నయ్య కూతుర్ని పిలిచింది.

"ఇలా వచ్చి చూడవే. దండ వేస్తే మొహం కనిపిస్తుందా, గడ్డం దాకా కప్పడిపోతుందా?"

ఆ పిల్లకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం కందగడ్డయింది. "నానమ్మా, డోంట్ బీ సో మార్బిడ్!" అని విసురుగా లోపలికి వెళ్లిపోయింది. అరిసెలు ఇవ్వడానికి వచ్చిన పక్కింటి అత్తయ్య గుమ్మంలోనే ఆగి చెంపలు వేసుకుంది. "పండగ పూట ఆ అశుభం మాటలేంటి వదినా? పైన తథాస్తు దేవతలుంటారు."

అమ్మ ఇద్దర్నీ పట్టించుకోలేదు. ఆవిడ బాధ వేరు. మా నాన్న పోయినప్పుడు పెద్దకర్మకి పెట్టడానికి ఇంట్లో సరైన ఫొటో ఒక్కటి దొరకలేదు. పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఎన్ని తిరగేసినా ఆయన వెనక వరసలో ఎవరి భుజం చాటునో ఉన్నారు. చివరికి ఆధార్ కార్డు మీద బొమ్మని పెద్దది చేయించాం. "పోలీస్ స్టేషన్ గోడకి అంటించినట్టున్నాడు మీ నాన్న" అని అమ్మ ఆ పదిరోజులూ ఏడుపు మధ్యలో కూడా అంటూనే ఉంది. తనకి ఆ గతి పట్టకూడదు. అంతే.

రాత్రి పక్కలు వేసుకున్నాక అడిగింది. "అది నన్నేదో తిట్టింది కదూ. మార్బిడ్ అంటే ఏంటే?"

హైదరాబాద్‌లో పదకొండేళ్లు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేశాను నేను. చెవుల్లో అమెరికా డాక్టర్ల గొంతు, పాదం కింద పెడల్, కళ్ల ముందు వర్డ్ ఫైలు. మార్బిడ్ ఒబీసిటీ, కోమార్బిడిటీస్ అని ఎన్ని వేలసార్లు టైపు చేసి ఉంటానో. అయినా అమ్మకి ఒక్క తెలుగు మాటలో చెప్పలేకపోయాను. "చావు గురించీ అలాంటివాటి గురించీ అతిగా ఆలోచించడం. ఒక రకం జబ్బు లాంటిది" అన్నాను. అమ్మ దుప్పటి సర్దుకుంటూ, "ఊరెళ్లేవాళ్లు బట్టలు సర్దుకుంటే జబ్బేంటి?" అని అటు తిరిగి పడుకుంది.

నాకే నిద్ర పట్టలేదు. ఆ మాట సంగతేంటో చూద్దామని అప్పట్నుంచి తవ్వుతూనే ఉన్నాను.

మార్బిడ్‌కి మూలం లాటిన్‌లో మోర్బుస్. అర్థం జబ్బు, అంతే. అందులో దిగులూ లేదు, చావూ లేదు. మార్బిడ్ వినగానే మనకి మార్చురీ గుర్తొస్తుంది గానీ మార్చురీకి మూలం మోర్స్, అంటే చావు. ఈ రెండు లాటిన్ మాటలూ అంతకు ముందెప్పుడో ఒకే వేరు నుంచి వచ్చాయా అన్నది పండితుల మధ్య ఇంకా తెగని తగువు. వైద్యగణాంకాల వాళ్లు మాత్రం కచ్చితంగా వేరు చేస్తారు. మార్బిడిటీ కాలమ్‌లో ఎందరు జబ్బుపడ్డారో రాస్తారు, మార్టాలిటీ కాలమ్‌లో ఎందరు పోయారో రాస్తారు. కోవిడ్ రోజుల్లో టీవీ చూసిన తెలుగువాళ్లందరికీ కోమార్బిడిటీ అంటే షుగరు, బీపీ అని తెలిసిపోయింది. దిగులు అని ఒక్కరూ అనుకోలేదు. మాటకి అసలు అర్థం ఆ బులెటిన్లలోదే. మా అన్నయ్య కూతురి నోట్లో ఉన్నది తర్వాత మొలిచింది.

ఎలా మొలిచిందన్నది ఒకే మనిషి కథలో చూడొచ్చు. ఇంగ్లీషులోకి ఈ మాట 17వ శతాబ్దం మధ్యలో వైద్యుల మాటగా వచ్చింది. 1755లో శామ్యూల్ జాన్సన్ అనే రచయిత తన పెద్ద ఇంగ్లీషు నిఘంటువులో దానికి ఇచ్చిన అర్థం కూడా రోగగ్రస్తం, ఆరోగ్యానికి విరుద్ధమైన స్థితి అనే. మనసు ఊసు లేదు. ఆ జాన్సన్ జీవితమంతా మనసు కుంగుబాటుతో పెనుగులాడిన మనిషి. ఇరవయ్యో ఏట, 1729లో, కాలేజీ సెలవులకి సొంత ఊరు లిచ్‌ఫీల్డ్‌లో ఉన్నప్పుడు అది ఆయన్ని మొదటిసారి గట్టిగా పట్టుకుంది. ఆయన పోయాక స్నేహితుడు బాస్వెల్ 1791లో ఆయన జీవితచరిత్ర అచ్చువేస్తూ దానికి పెట్టిన పేరు 'మార్బిడ్ మెలాంకలీ'. నిఘంటువు రాసినాయన ఒంటికి మాత్రమే అంటగట్టిన మాటని, ముప్ఫై ఆరేళ్లు తిరిగేసరికి ఆయన మనసుకే అంటగట్టారు.

కథ అక్కడితో ఆగలేదు. 1793లో మాథ్యూ బెయిలీ అనే డాక్టరు లండన్‌లో ఒక పుస్తకం వేశాడు. జబ్బుపడిన అవయవాలు కోసి చూస్తే ఎలా ఉంటాయో వర్ణించే పుస్తకం. పేరులోనే మార్బిడ్ అనాటమీ అని ఉంటుంది. ఆ తర్వాత దానికి తోడుగా బొమ్మల సంపుటి వచ్చింది. అందులో ఉబ్బి బుడగలు తేలిన ఊపిరితిత్తి బొమ్మ ఒకటుంది. అది జాన్సన్‌దేనని చెబుతారు. పాపం, ఆయన మనసూ మార్బిడ్డే, ఊపిరితిత్తీ మార్బిడ్డే.

బాస్వెల్‌ని నేను తప్పుపట్టను. జాన్సన్‌కి ఉన్నది నిజంగా జబ్బే అనిపిస్తుంది చదివితే. తప్పు ఆ తర్వాతి వందేళ్లలో జరిగింది. జబ్బుకి వాడిన విశేషణం మెల్లగా అభిరుచికీ కబుర్లకీ ఆలోచనలకీ పాకింది. నువ్వు రోగివి అన్న మాట కాస్తా నీ మాటలు నాకు నచ్చడం లేదు అన్న చోటికి వచ్చింది. వాసన మాత్రం ఆస్పత్రిదే.

దీన్ని రెండువేల ఏళ్ల కిందటే ఒకాయన పసిగట్టాడు. సిసెరో, పాతకాలపు రోములో పేరున్న వక్త, రచయిత. ఆ సంగతి తెలిసిన రాత్రి మళ్లీ నిద్రపోలేదు నేను.

క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో సిసెరో కూతురు తుల్లియా పోయింది. ఆయన రోము వదిలి సముద్రం ఒడ్డున అస్తురా అనే చోట ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే ముళ్లతో నిండిన దట్టమైన అడవిలోకి వెళ్లి సాయంత్రం దాకా బయటికి రావడం లేదని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. దుఃఖాన్ని తగ్గించుకోవడం మీద ఎవరెవరు ఏం రాశారో అన్నీ చదివాడు, ఏదీ పనిచెయ్యలేదు. ఆ వేసవిలోనే గ్రీకు తత్వాన్ని లాటిన్‌లోకి తెచ్చే ఒక పుస్తకం మొదలుపెట్టాడు. అందులో మూడో భాగం మనోవేదన గురించే. అక్కడ ఆయనకి అనువాదం దగ్గర చిక్కొచ్చింది. మనసులో రేగే జాలి, అసూయ, ఉప్పొంగే సంతోషం లాంటివాటన్నిటినీ గ్రీకులు పాథే అంటారు. దీన్ని మోర్బుస్ అనొచ్చు, మాటకి మాట సరిపోతుంది, కానీ మన వాడుకలో పడదు అంటాడు. అని 'పెర్తుర్బాతియో' ఎంచుకుంటాడు. కలత అనుకోవచ్చు మనం.

అంటే లాటిన్ మాతృభాషగా ఉన్నవాడి చెవికి, మనసులో కదిలేదాన్ని జబ్బు అనడం ఎబ్బెట్టుగా వినిపించింది. కూతుర్ని పోగొట్టుకున్న ఏడాదే. నిజం చెప్పాలంటే ఆయన కూడా పూర్తిగా తప్పించుకోలేదు. దుఃఖానికి వాడిన మాట 'ఏగ్రితూదో' కూడా రోగికి సంబంధించినదే, ఆ సంగతి ఆయనే చెబుతాడు. పైగా దుఃఖాన్ని బుద్ధితో గెలవాలన్నదే పుస్తకం పొడుగునా ఆయన వాదన. అయినా ఆ ఒక్క వాక్యం దగ్గర, మన వాడుకలో పడదు అని ఆగిన చోట, నాకు ఆయన తండ్రిలాగే కనిపిస్తాడు.

ఆ తర్వాతి తరంలో వర్జిల్ అనే రోమన్ కవి తన కావ్యంలో పాతాళానికి ఒక గుమ్మం కట్టి, దాని ముందు ఎవరెవరు కాపురముంటారో వరసగా చెప్పాడు. దుఃఖం, బెంగలు, పాలిపోయిన జబ్బులు, ముసలితనం, భయం, ఆకలి. అందరూ పక్కపక్క ఇళ్లవాళ్లే. కానీ ఎవరి పడక వాళ్లది.

ఇంకో తమాషా. ఇదే లాటిన్ మాట ఇటలీలో మోర్బిదో అయింది. అర్థం మెత్తన. జబ్బుపడినది నీరసిస్తుంది, నీరసించినది మెత్తబడుతుంది, అలా అలా జారి దిండూ మోర్బిదో, రొట్టే మోర్బిదో. బట్టలు మెత్తగా ఉండటానికి ఉతికే నీళ్లలో కలిపేదాన్ని అక్కడ అమ్మోర్బిదెంతే అంటారు. మన తెలుగుని తూర్పు ఇటాలియన్ అంటారని మురిసిపోతాం కదా, ఈ ఒక్క విషయంలో ఆ చుట్టరికం నిజమైతే బావుణ్ననిపించింది. అమ్మని మోర్బిదో అని ఉంటే సరిగ్గా సరిపోయేది.

మరి మనకేమున్నాయి? దిగులు, బెంగ, గుబులు, చింత, విచారం, మనాది. వీటిలో విచారం నాకు చాలా ఇష్టం. సంస్కృతంలో దాని అర్థం ఆలోచన, పరిశీలన. కోర్టులో కేసు విచారణకొస్తుందంటే ఆ అర్థమే. అదే మాట మన ఇళ్లలో దుఃఖమైంది. "ఎందుకలా విచారంగా ఉన్నావు?" చింత కూడా అంతే, మొదట ఆలోచనే. ఎక్కువసేపు ఆలోచిస్తే చివరికి తేలేది దుఃఖమేనని మనవాళ్లు అనుభవం మీద తేల్చినట్టున్నారు. కానీ గమనించండి, ఆలోచన దుఃఖమైంది గానీ జబ్బు కాలేదు.

బెంగది ఇంకో దారి. బెంగకి ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, లేదా ఇల్లయినా ఊరయినా ఉండాలి. హాస్టల్లో పిల్లాడు అమ్మ మీద బెంగపెట్టుకుంటాడు. బెంగతో జ్వరమొచ్చిందంటే మందుబిళ్ల వేసి ఊరుకోరు, బస్సెక్కించి ఇంటికి పంపిస్తారు. మందేంటో మాటలోనే ఉంది.

ఒక్క మనాది దగ్గర మాత్రం మనమూ ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్తాం. మనసూ వినిపిస్తుంది అందులో, ఆధి అంటే మనసుకొచ్చే పీడా వినిపిస్తుంది. ఒంటికొచ్చేది వ్యాధి, మనసుకొచ్చేది ఆధి, రెండూ కలిపి ఆధివ్యాధులు. మనోవ్యాధికి మందు లేదని సామెత కూడా ఉంది. ఆ సామెత తప్పు, దాని సంగతి తర్వాత చెబుతాను. "కొడుకు పోయినకాడి నుంచి ఆమెకి మనాది పట్టింది" అంటారు. వినేవాళ్లకి జాలి కలుగుతుంది, చిరాకు కలగదు. ఎవరైనా ఎవరినైనా "మనాది మాటలాడకు" అని కసరడం నేనింతవరకూ వినలేదు.

విషాదం గురించి కూడా చెప్పాలి. సంస్కృతంలో సద్ అంటే కూలబడటం, కుంగిపోవడం. దానికి వి చేరితే విషాదం. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన ఒంట్లో ఏం జరుగుతోందో డాక్టరు ముందు కూర్చున్నట్టు చెబుతాడు. అవయవాలు కుంగుతున్నాయి, నోరెండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, చర్మం మండుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది. "సీదంతి మమ గాత్రాణి" అన్నప్పటి సీదంతిలో ఉన్నదీ ఆ సద్ ధాతువే. అధ్యాయం చివర విల్లూ బాణాలూ వదిలేసి రథంలో చతికిలబడతాడు. ఇన్ని లక్షణాలు చెప్పినా ఆ అధ్యాయానికి పెట్టిన పేరు అర్జున విషాద రోగం కాదు, యోగం. కృష్ణుడు తిడతాడు, పిరికితనం అంటాడు, ఇదేం మాలిన్యం అంటాడు. కానీ నోరు ముయ్యమనడు. పదిహేడు అధ్యాయాల పాటు మాట్లాడతాడు.

ఆ గీతని మనం ఏం చేసుకున్నామో తెలుసు కదా. సందు చివర ఘంటసాల గొంతు వినిపిస్తే చాలు, ఎవరు పోయారో అని తలుపు తీసి చూస్తాం.

ఇప్పుడు పక్కింటి అత్తయ్య దగ్గరికొస్తాను. ఆవిడ అన్నదీ, మా అన్నయ్య కూతురు అన్నదీ ఒకటే అని మొదట్లో అనుకున్నాను. ఇద్దరూ అమ్మ నోరు ముయ్యబోయినవాళ్లే కదా. కాదు. అత్తయ్య భయం మాట గురించి. మాట పైకి అంటే అది జరిగిపోతుందేమో అన్న భయం. అమ్మకేదో అయిందని ఆవిడ అనుకోలేదు. మన భాష నిండా ఈ భయమే. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. వెళ్తాను అనకూడదు, వెళ్లొస్తాను అనాలి. అశుభం అనేది మాటకి అంటిన మైల. మాట మారిస్తే మైల పోతుంది, ఆ తర్వాత అదే విషయం ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. నిండుకున్నాయి అన్నాక బియ్యం తెచ్చుకుంటారు కూడా.

మార్బిడ్ అలా కాదు. అది మనిషికి అంటుతుంది. మాట మార్చుకుంటే పోదు, నువ్వే మారాలి. చావు ఊసెత్తినవాణ్ణి రోగిని చేసేస్తుంది, రోగితో వాదించక్కర్లేదు కదా. అలా అన్నవాళ్లు నిజంగా చెప్పదలచుకున్నది "నాకు భయమేస్తోంది" అని. ఆ రెండు మాటలు చెప్పడం కష్టమై, ఎదుటివాడికి పరీక్ష చెయ్యకుండా రిపోర్టు రాసిచ్చేస్తారు. పాపం ఆ పిల్ల నానమ్మని తిట్టలేదు, భయపడింది.

నేను తెలుగుని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. తథాస్తు దేవతల పేరు చెప్పి విల్లు రాయకుండా, ఇన్సూరెన్సు కాగితాలెక్కడున్నాయో పెళ్లానికి చెప్పకుండా పోయిన మగవాళ్లు మా చుట్టాల్లోనే ముగ్గురున్నారు. అశుభం భయానికీ ఖరీదుంది. కానీ ఆ ఖరీదు వేరు.

ఇంగ్లీషులోనే రాసిన ఒకాయన ఈ మాట మెడ వంచాడు. విలియం జేమ్స్, అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త. 1901, 1902ల్లో ఎడిన్‌బరోలో మతానుభవాల మీద ఉపన్యాసాలిస్తూ మనుషుల్ని రెండు రకాలుగా చూశాడు. లోకంలో చెడుని చూడకుండా సంతోషంగా ఉండగలిగేవాళ్లు ఒకరు, చెడుని తలచుకోకుండా ఉండలేని మార్బిడ్ మనసువాళ్లు ఇంకొకరు. తీర్పు మాత్రం రెండోవాళ్ల వైపే మొగ్గుతుంది. వాళ్ల చూపుకే జీవితంలో ఎక్కువ భాగం అందుతుందంటాడు. అక్కడ పేరు చెప్పకుండా ఒక ఫ్రెంచివాడి అనుభవంగా ఒక భయంకరమైన మానసిక స్థితిని వర్ణిస్తాడు. అది తన సొంత కథేనని తర్వాత ఒప్పుకున్నాడు. అంత ధైర్యంగా వాదించినవాడు కూడా తనది అని చెప్పడానికి ముసుగు వేసుకోవాల్సొచ్చింది.

నా ముసుగు కూడా తీసేస్తాను. నాన్న పోయాక నెలరోజుల్లో పనిలో చేరిపోయాను. అమెరికా రిపోర్టుల్లో చనిపోయారనడానికి చాలాసార్లు 'ఎక్స్‌పైర్డ్' అంటారు, మందుల సీసాకి డేటు అయిపోయినట్టు. ఆ మాట వినబడగానే నా పాదం పెడల్ మీంచి లేచిపోయేది, ఆడియో ఆగిపోయేది. ఒక్క ఫైలుకి గంట పట్టేది. భోజనాల దగ్గర నాన్న చివరి రోజుల గురించి రెండుసార్లు చెప్పబోతే ఒక సహోద్యోగి "అబ్బా, ఎందుకంత మార్బిడ్‌గా మాట్లాడతావ్, టెన్షన్ పడకు" అన్నాడు. మంచివాడే. నేను మాట్లాడటం మానేశాను. మరో ఆర్నెల్లకి నిద్ర పూర్తిగా పోయింది, బట్టలు వదులైపోయాయి, పొద్దున లేవడం ఎందుకో తెలియని స్థితికి వచ్చాను. మా వదిన బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నిద్ర గురించి అడిగారు, తిండి గురించి అడిగారు, బతకాలనిపిస్తోందా అని మొహమాటం లేకుండా అడిగారు. చీటీ మీద డిప్రెషన్ అని రాశారు. ఎనిమిది నెలలు మందులు వాడాను, తగ్గింది. మనోవ్యాధికి మందుంది.

నా కోపం అందుకే. ఆ మాట రెండు పనులూ చెడగొడుతుంది. ఏ జబ్బూ లేని మా అమ్మని రోగి అంటుంది. నిజంగా జబ్బుపడుతున్న నన్ను మాట్లాడనివ్వకుండా చేసింది. జబ్బయితే దాని పేరు పెట్టి చెప్పండి. 2022లో అమెరికా సైకియాట్రీ సంఘం తన మాన్యువల్లో దీర్ఘశోకాన్ని కూడా ఒక రుగ్మతగా చేర్చింది. ఏడాది దాటినా శోకం మనిషిని రోజూ కదలనివ్వకపోతేనే పెద్దవాళ్లకి ఆ పేరు పెట్టాలన్నారు. మన సంవత్సరికం కూడా ఏడాదికే. కాకతాళీయమే అయ్యుండొచ్చు, కానీ ఏడాది పాటు ఏడ్చుకోనివ్వండి అని ఇద్దరూ అంటున్నారు. మన దేశంలో ఆ బాధతో ఉన్నవాళ్లకి 14416 నంబరుంది, టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లు మార్బిడ్ అనరు, నిద్రపడుతోందా అని అడుగుతారు.

అత్తయ్య ఆ రోజు చెంపలు వేసుకున్నాక ఏం చేసిందో చెప్పలేదు కదూ. అరిసెల గిన్నె బల్ల మీద పెట్టి, ఫొటోని రెండు చేతుల్తో ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూసింది. "చీర రంగు భలే తేలింది వదినా. ఎంత తీసుకున్నాడేంటి?" అంది. పండగైన వారానికి అమ్మని తోడు తీసుకుని తనూ తెనాలి వెళ్లింది. కళ్లజోడు పెట్టుకుని ఒకటి, తీసేసి ఒకటి దిగిందట. దండ దేనికి వెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.